పన్ను పీకినా ఆగని ముఖం నొప్పి: ట్రైజెమినల్ న్యూరాల్జియా

లక్షణం: బుగ్గలోనో దవడలోనో, ఒకే పక్కన, కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి. కొన్ని సెకన్లు, మహా అయితే రెండు నిమిషాలు. తర్వాత ఏమీ లేనట్టే ఉంటుంది, అంతలోనే మళ్లీ. వేపపుల్ల వేసుకున్నా, గడ్డం గీసుకున్నా, జొన్నరొట్టె నమిలినా, బండి మీద చలిగాలి తగిలినా మొదలవుతుంది.

ఇది పన్నునొప్పి కాదా? చాలామంది ముందు పండ్ల డాక్టర్ దగ్గరికే పోతారు, అది తప్పేం కాదు. కానీ నల్లగొండ పక్క పండ్ల మీద గోధుమరంగు చారలుంటే నేరమంతా ఫ్లోరైడ్ మీదికి పోతుంది. ఆ చారలతో ఇట్లాంటి షాకులు రావు. పుచ్చిన పన్ను గంటలకొద్దీ సలుపుతుంది, రాత్రి నిద్ర లేపుతుంది. ఈ నొప్పి ముట్టుకుంటే లేస్తుంది, నిద్రలో తక్కువ. ఎక్స్‌రేలో పుచ్చు, చీము కనబడకపోతే పన్ను పీకించుకోవద్దు.

కారణం: ముఖం స్పర్శను మోసే నరం (ట్రైజెమినల్) మెదడు అడుగున ఉండే కాండం దగ్గర మొదలవుతుంది. ఎక్కువగా అక్కడే ఒక రక్తనాళం ఆనుకొని దాని పైపొరను అరగదీస్తుంది. దాంతో మామూలు స్పర్శ కూడా నొప్పిగా మారుతుంది. డైక్లోఫెనాక్, పారాసిటమాల్ పనిచేయనిది అందుకే. వయసు 40 లోపైనా, రెండు పక్కలా నొప్పి ఉన్నా, ముఖం మొద్దుబారినా మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే జబ్బు), మెదడులో గడ్డ వంటివి ఉన్నాయేమో చూడాలి. అసలు ఎవరికైనా ఒకసారి ఎమ్మారై తీయించడమే మంచిది.

మందు: మొదటి మందు కార్బమాజెపిన్. మామూలుగా 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి కొంత పెంచుతారు. ఎక్కువమందికి రోజుకు 400-800లో నొప్పి తగ్గుతుంది, 1200 దాటించరు. నొప్పి వచ్చినప్పుడే వేసుకుంటే లాభం లేదు, రోజూ వేసుకోవాలి. న్యూరాలజీ డాక్టర్ చెప్పకుండా డోసు పెంచొద్దు, ఒక్కసారిగా మానొద్దు. మొదట్లో మత్తు, తూలుడు ఉంటాయి, ట్రాక్టర్, బండి నడపొద్దు. రక్తకణాలు, లివర్, సోడియం పరీక్షలు తప్పనిసరి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే గోలీ వాడే పెద్దవాళ్లు తికమకగా మాట్లాడితే సోడియం పడిపోయిందేమో చూపించండి. ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే తర్వాతి గోలీ వేసుకోకుండా అదే రోజు దవాఖానకు పోవాలి. ఈ ఒక్క విషయంలో ఆలస్యం ప్రాణం మీదికి వస్తుంది.

నొప్పి ఎక్కువున్న రోజుల్లో రొట్టె మాని గట్క తినండి, బయటికి పోతే ముఖానికి రుమాలు కట్టుకోండి.

మందు పనిచేయకపోతే, లేదా పడకపోతే, సర్జరీ ఉంది. చెవి వెనక తెరిచి నరానికీ రక్తనాళానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెడతారు. ఎక్కువకాలం ఉపశమనం దీంతోనే. ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు తట్టుకోలేని పెద్ద వయసువాళ్లకు బుగ్గలోంచి సూదితో నరాన్ని వేడిచేస్తారు. దీనికి ఆ పక్క కొంత మొద్దుబారడం ఉంటుంది, నొప్పి కొన్నేళ్లకు తిరిగి రావచ్చు.