చెట్టు ఆకారం వదిలేయండి, సూది మొదలు చూడండి

మనాలీ వెళ్లొచ్చినవాళ్లు ఫోటోలు చూపిస్తూ కోసుగా, పొడుగ్గా కనిపించిన ప్రతి చెట్టునీ పైన్ అనేస్తారు. అక్కడి హిడింబ గుడి చుట్టూ ఉన్నవి దేవదారులు. పైన్, దేవదారు రెండూ పినేసీ కుటుంబానివే, కానీ ప్రజాతులు, అంటే కుటుంబంలోని చిన్న గుంపులు, వేరు. దూరం నుంచి చూస్తే చాలామందికి తేడా తెలియదు, రెమ్మ చేతిలోకి తీసుకుంటే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ముందు మన సరుగుడుతో ప్రాక్టీస్ చేయండి. దాని సన్నటి పుల్ల ఒకటి తీసుకుని రెండు చేతులతో లాగితే కణుపు దగ్గర టక్కున ఊడొస్తుంది. ఆ కణుపు చుట్టూ ఉన్న బుల్లి పళ్లే దాని అసలు ఆకులు, మనం సూది అనుకున్నది కొమ్మ. సరుగుడు పూలు పూసే మొక్కల్లోది, కోనిఫర్, అంటే పూలు లేకుండా చెక్క కాయల్లాంటి కోన్లలో గింజలు పెట్టే చెట్టు, కానేకాదు. ఇక కుండీల్లో క్రిస్మస్ చెట్టుగా పెంచే అరకేరియా కోనిఫరే, కాకపోతే వేరే కుటుంబం.

పినేసీ అవునా కాదా అన్నది కోన్‌లో తేలుతుంది. కింద రాలినది ఒకటి తీసుకుని, ఒక రేకు విరిచి లోపలివైపు చూడండి. పక్కపక్కనే రెండు గింజలు గానీ, అవి ఉండి పోయిన రెండు అచ్చులు గానీ ఉండాలి. అరకేరియాలో రేకుకి ఒకటే గింజ.

పినేసీలో 11 ప్రజాతులు, 200కు పైగా జాతులు ఉన్నాయి. హిమాచల్ ట్రిప్‌కైతే నాలుగు ప్రజాతులు వస్తే చాలు. సూదులు రెండుమూడు నుంచి ఐదు దాకా కలిసి, మొదట్లో ఒకే కట్టగా ఉంటే పైన్. పొట్టి మొటిక లాంటి కొమ్మ మీద ఇరవై ముప్పై సూదులు గుత్తిగా విచ్చుకుంటే దేవదారు (దీని కొత్త కొమ్మల చివర్లలో ఒంటి సూదులూ ఉంటాయి, అందుకే కాస్త పాత కొమ్మ చూడాలి). అన్నీ ఒంటి సూదులే అయితే స్ప్రూస్ గానీ ఫర్ గానీ. అక్కడివాళ్లు రై, తోష్ అంటారు. సూదిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. పలకలుగా ఉండి దొర్లితే రై, బల్లపరుపుగా ఉండి దొర్లకపోతే తోష్. ఇంకా గట్టి గుర్తు కావాలంటే సూదులు రాలిపోయిన రెమ్మ మీద వేలు పెట్టి రుద్దండి: రై రెమ్మ మీద చిన్న చిన్న మేకులు మిగిలిపోయి ఆకురాయిలా గరగరలాడుతుంది, తోష్‌కి నున్నటి గుండ్రటి మచ్చలే ఉంటాయి. రై కోన్లు కిందికి వేలాడి మొత్తంగా రాలతాయి. తోష్, దేవదారు కోన్లు కొమ్మ మీద నిటారుగా నిలబడి అక్కడే రేకులు రేకులుగా విడిపోతాయి. దేవదారు కింద చెక్క గులాబీ లాంటిది దొరికితే అది కోన్ పైభాగం.

ఇవన్నీ కలిసిపోతుంటే టెన్షన్ పడకండి. 1753లో, మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ స్ప్రూస్, ఫర్, సీడర్ (దేవదారు ప్రజాతి) అన్నింటినీ పైనస్, అంటే పైన్, అనే ఒక్క పేరు కిందే పెట్టాడు. మన సామర్లకోటలో తోట వేసి కోరమాండల్ తీరం మొక్కల్ని వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా దేవదారుని పైన్‌గానే లెక్కేశాడు. తర్వాత దాన్ని సెడ్రస్‌లోకి, అంటే సీడర్ ప్రజాతిలోకి, మార్చారు, చిర్ పైన్‌కేమో ఆయన పేరుతోనే పైనస్ రాక్స్‌బర్గై అని పెట్టారు.

ఇప్పుడు పైన్లలో ఏది ఏదో చూద్దాం. చిర్ పైన్‌కి కట్టకి మూడు సూదులు, నీలి పైన్‌కి, అంటే కైల్‌కి, ఐదు. చిర్ కట్టలోని మూడు సూదుల్నీ దగ్గరికి నొక్కితే ఒకే గుండ్రటి పుల్లలా అతుక్కుపోతాయి, నాకు ఎన్నిసార్లు చేసినా ముచ్చటగానే ఉంటుంది. లెక్కతో పాటు మొదట్లో ఉండే గోధుమరంగు తొడుగు కూడా చూడాలి. చిర్‌లో అది సూదులతోనే ఉండిపోతుంది, కైల్‌లో ముందే రాలిపోతుంది. బ్లేడుతో సూదిని అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే చిర్‌కి మధ్యలో నీళ్లూ ఆహారమూ మోసే నాళాల కట్టలు రెండు, కైల్‌కి ఒకటే. పైనస్‌ని రెండు ఉపప్రజాతులుగా విడగొట్టింది ఈ తేడాతోనే.

హిమాచల్‌లోని కిన్నౌర్‌లో ఈ తొడుగు సంగతి బాగా పనికొస్తుంది. డ్రైఫ్రూట్ షాపుల్లో అమ్మే చిల్‌గోజా గింజలిచ్చే చెట్టుకీ మూడు సూదులే, లెక్క మాత్రమే చూస్తే చిర్ అనుకుంటాం. కానీ తొడుగు రాలిపోయి ఉంటుంది. అది చిర్ ఉన్న ఉపప్రజాతి చెట్టు కాదు, కైల్ ఉన్నదాని చెట్టు.