ఇంటి వైరింగ్ మనమే – 4వ పాఠం: డిష్ బిగించడానికి ముందు కేబుల్ పని

పోయిన పాఠంలో డాబా మీద నుంచి టీవీ గోడ దాకా పైపు వేసి, అందులో కేబుల్ లాగి ఉంచమన్నాను. లాగినవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట చిక్కుకున్నారు. హాల్లో ఒక టీవీ, బెడ్‌రూమ్‌లో ఇంకొకటి, డాబా నుంచి కిందికి మాత్రం ఒకటే కేబుల్. దాన్ని కింద స్ప్లిట్టర్‌తో రెండుగా చీల్చారు. డిష్ ఇప్పటికే ఉన్న ఇళ్లలో హాల్ టీవీ ఒక్కటే వేస్తే బొమ్మ బాగుంటోంది, బెడ్‌రూమ్‌లో కూడా వేయగానే కొన్ని చానళ్లు మాయం. ఈసారి ఎర్తింగ్ చెప్పాలి, కానీ ఇది తేలకుండా ముందుకు వెళ్లి లాభం లేదు.

స్ప్లిట్టర్ కేబుల్ టీవీ రోజుల అలవాటు. అక్కడ చానళ్లన్నీ ఒకేసారి తీగలో వస్తాయి కాబట్టి రెండు మూడు గదులకు చీల్చినా అన్నీ అందుతాయి. డిష్ దగ్గర లెక్క వేరు. డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టుకునే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీ. దానికి కరెంటు వెళ్లేది మీ సెట్‌టాప్ బాక్స్ నుంచే, అదే కేబుల్ గుండా. ఏం పట్టుకోవాలో చెప్పేది కూడా ఆ కరెంటే. బాక్స్ 13 వోల్టులు పంపితే ఎల్‌ఎన్‌బీ నిలువు తరంగాలను తీసుకుంటుంది, 18 పంపితే అడ్డ తరంగాలను. ఒక అవుట్‌పుట్ మీద ఒక సమయంలో ఒక తీరే నడుస్తుంది. హాల్లో నిలువు తరంగాల్లో వచ్చే చానల్, బెడ్‌రూమ్‌లో అడ్డ తరంగాల్లో వచ్చేది పెట్టారనుకోండి, ఎక్కువ వోల్టేజీ పంపిన బాక్స్ మాటే చెల్లుతుంది. రెండో బాక్స్ ‘సిగ్నల్ లేదు’ అంటుంది.

మీ స్ప్లిట్టర్ మీద ఉన్న అంకెలు చూడండి. చాలావాటి మీద 5–1000 మెగాహెర్ట్జ్ అని ఉంటుంది. ఎల్‌ఎన్‌బీ కిందికి పంపేది 950 నుంచి 2150 దాకా. అంటే అది దాదాపు మొత్తానికే అడ్డు. షాపులో 5–2400 రకం ఇస్తారు, సిగ్నల్ దాటుతుంది, కానీ 13కీ 18కీ తగాదా అలాగే ఉంటుంది. స్ప్లిట్టర్ ఖరీదు పెంచుకుంటూ పోవద్దు, దయచేసి.

చేయాల్సింది ఇది: ఒక్కో బాక్స్‌కి డాబా దాకా విడిగా ఒక్కో కేబుల్, డిష్‌కి రెండు అవుట్‌పుట్‌ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ. టెక్నీషియన్ ఇంటికి రాకముందే ట్విన్ కావాలని చెప్పి పెట్టండి. నేనైతే టీవీ లేని గదికి కూడా ఒక కేబుల్ వదిలేస్తాను. గోడకు రంగులు వేశాక మళ్లీ గాడి కొట్టించడం కంటే అది ఎంతో చవక.

ఇప్పటికే ఒకటే లాగినవాళ్లు గోడ పగలగొట్టక్కర్లేదు. పైపు 25 మి.మీ. అయితే ఆ పాత కేబుల్‌నే లాగుడు తీగగా వాడండి. దాని చివరకు రెండు కొత్త కేబుళ్లను, ఒక జీఐ తీగను (జింకు పూత ఉన్న ఇనుప తీగ) కట్టండి. ముడి మొత్తం ఒకే చోట లావెక్కకుండా ఒకదాని వెనక ఒకటిగా టేపు చుట్టండి. ఒకరు పైనుంచి మెల్లగా తోస్తూ ఉంటే ఇంకొకరు కింద లాగాలి. మొండిగా లాగితే లోపలి తీగ సాగుతుంది. జీఐ తీగను పైపులోనే వదిలేయండి, రేపు పనికొస్తుంది. కొత్తది ఆర్‌జీ-6 రకమే కొనండి. సీసీటీవీ పనిలో మిగిలిన సన్న ఆర్‌జీ-59 వద్దు. మధ్యలో ఎక్కడా అతుకు ఉండకూడదు.

పైపు మూతి డాబా మీద ఎటు తేలాలో కొందరికి సందేహం వచ్చింది. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. హైదరాబాద్ నుంచి చూస్తే ఆగ్నేయ దిక్కు, దాదాపు 63 డిగ్రీల ఎత్తు. ఆ వైపు వాటర్ ట్యాంకు గానీ కొబ్బరిచెట్టు గానీ అడ్డం లేని చోటికి దగ్గరగా తేల్చండి. మూతి కిందికి వంచండి, వాన నీరు పైపులోకి దిగదు. వేరే సర్వీసైతే దాని ఉపగ్రహం ఏ దిక్కో ముందు కనుక్కోండి.

కేబుల్ చివర వేసే ఎఫ్ కనెక్టర్ బిగించడం మీకు వచ్చు. ఒక్క మాట: కేబుల్ లోపలి అల్లిక జాలీలోని ఒక్క వెంట్రుకంత తీగ మధ్య తీగకు తగిలినా షార్టే. తిప్పి ఎక్కించే రకం వదిలేసి పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం వాడండి.

అభ్యాసం: పాత కేబుల్ ముక్కలకు పది కనెక్టర్లు వేయండి. ఒక్కోదానికి మల్టీమీటర్ పెట్టి మధ్య తీగకూ బయటి లోహానికీ మధ్య కనెక్షన్ లేదని చూడండి. తర్వాత రెండో చివర ఆ రెండింటినీ కలిపి పట్టుకుంటే మీటర్ కొద్ది ఓములే చూపాలి. పదిలో ఒక్కటి తప్పినా మళ్లీ పది. అవి కుదిరాకే గోడలోని కేబుళ్ల రెండు చివర్లకూ కనెక్టర్లు వేసి, ఇదే పరీక్ష చేసి, ‘హాల్’, ‘బెడ్‌రూమ్’ అని పైనా కిందా చీటీలు అంటించండి. కనెక్టర్ బాక్స్‌కి తగిలించేటప్పుడు బాక్స్ ప్లగ్ తీసి ఉండాలి.

వచ్చే పాఠం ఎర్తింగ్. ఈలోపు మీ ఇంటి ఎర్త్ గుంత ఎక్కడుందో వెతికి పెట్టుకోండి.