తైచీ సాధనలో ఇబ్బందులు: లక్షణం ఒకచోట, కారణం మరొకచోట

మెల్లని కదలికలతో సాగే చైనా యుద్ధవిద్య తైచీకి ఆధారంగా భావించే ప్రాచీన వ్యాసాలలో ఒకటి, శరీరం చెదిరి పట్టు తప్పినప్పుడు ఆ దోషాన్ని నడుములోనూ కాళ్లలోనూ వెతకాలని చెబుతుంది. మెడ పట్టేసినా, మోకాలు నొప్పిపెట్టినా, అడుగు తూలినా సాధకుడి దృష్టి సహజంగా ఆ భాగం మీదికే పోతుంది. అతడు అక్కడే సరిచేయబోతాడు, ఫలితం లేక విసిగిపోతాడు, చాలాసార్లు సాధనే మానేస్తాడు. జీవితాంతం చేయదగిన విద్యను మూడు నాలుగేళ్లకే వదిలేసేవారిలో ఎక్కువమంది ఇలా తప్పుచోట వెతికినవారేనని నా అభిప్రాయం. కింద చెప్పిన ఇబ్బందులన్నిటినీ ఆ పాత సూచన ప్రకారమే పరిశీలించాను. కొలతలు యాంగ్ శైలివి, ముఖ్యంగా 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం రూపొందించిన 24 కదలికల వరుసకు సంబంధించినవి. చెన్, వూ, సున్ శైలులలో భంగిమల వెడల్పు, ఎత్తు కొంత మారుతాయి కనుక ఆ శైలుల వారు సూత్రాన్ని తీసుకుని, కొలతను తమ గురువు చెప్పినట్టు పాటించాలి.

మోకాలి లోపలి వైపున లేదా చిప్ప చుట్టూ నొప్పి

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే కనుక దీని మీద కొంతసేపు ఆగాలి. ముందుగా రెండు రకాల బాధలను వేరు చేసుకోవాలి. తొడ కండరాలలో మంట, వణుకు కొత్తగా నేర్చుకునేవారికి సహజం, కొన్ని వారాలలో తగ్గుతాయి. కీలులో గుచ్చినట్టుండే నొప్పి, సాధన ముగిశాక మెట్లు దిగేటప్పుడు తెలిసే నొప్పి సహజం కాదు. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నడుస్తుండగా జారిపోతున్నట్టు అనిపించినా భంగిమలను సరిదిద్దుకునే ప్రయత్నం పక్కనపెట్టి ఎముకల వైద్యుడిని చూడాలి.

మోకాలు ప్రధానంగా మడవడానికి, చాచడానికి ఏర్పడిన కీలు. మెలి తిరగడం దాని పని కాదు, అది తుంటి కీలు పని. తుంటి బిగుసుకున్న మనిషి నడుము తిప్పబోతే పాదం నేలకు అతుక్కునే ఉంటుంది, తుంటి కదలదు, ఆ మెలి అంతా మధ్యలో ఉన్న మోకాలి మీద పడుతుంది. దీన్ని కుర్చీలో కూర్చునే పరీక్షించుకోవచ్చు. రెండు గజ్జల మడతల మీద వేళ్లు ఆనించి మొండేన్ని మెల్లగా కుడికి తిప్పితే కుడి గజ్జలో మడత లోతు కావడం వేళ్లకు తెలియాలి, మోకాళ్లు రెండూ ఉన్నచోటనే ఉండాలి. మడత తెలియకుండా మోకాళ్లు పక్కకు ఊగుతున్నాయంటే నొప్పికి మూలం దొరికినట్టే. ఈ కూర్చున్న అభ్యాసాన్నే రోజూ కొద్దిసేపు చేసి, ఆ తరువాత నిలబడి, పాదాలు భుజాల వెడల్పున ఉంచి, అదే మడతను వెతకాలి. వరుసలోని కదలికలకు అప్పటిదాకా తొందరపడనక్కరలేదు.

రెండో కారణం బరువు మోస్తున్న పాదాన్ని తిప్పడం. అడవి గుర్రపు జూలును విడదీసే కదలికలో ఒక అడుగు నుంచి మరో అడుగుకు వెళ్లేటప్పుడు ముందుగా వెనక కాలి మీద కూర్చుని, అంటే బరువును దాని మీదికి తెచ్చి, ముందు పాదం ఖాళీ అయ్యాక దాని వేళ్లను బయటికి తిప్పి, ఆ తరువాతే బరువు దాని మీదికి తేవాలి. తొందరలో ఈ వెనక్కి కూర్చోవడాన్ని మింగేసేవారు చాలామంది. బరువున్న పాదం మీదనే తిరిగే పద్ధతిని నేర్పే గురువులు ఉన్నారు, అది తప్పు కూడా కాదు. కానీ తుంటి తెరుచుకోని వ్యక్తికి, అరవై దాటిన వ్యక్తికి ఆ పద్ధతిని మొదటి రోజునే నేర్పడం నాకు సమంజసంగా తోచదు.

మూడోది, లోతుగా కూర్చోవాలనే పట్టుదల. ఒక కాలు ముందుకు వేసి మోకాలు మడిచి నిలబడే విల్లు భంగిమలో బరువు దాదాపు 70 శాతం ముందు కాలి మీద ఉంటుంది, ముందు మోకాలు కాలివేళ్లను దాటకూడదు, మోకాలి చిప్ప రెండో వేలి దిక్కునే చూడాలి. ఈ మూడింటిలో ఏది తప్పుతున్నా పరిష్కారం ఒక్కటే: భంగిమను ఎత్తుగా చేయడం. చివరిగా నేల సంగతి. మన ఇళ్లలో డాబా మీద గరుకు సిమెంటు, కాళ్లకు మందపాటి రబ్బరు అడుగున్న పరుగు బూట్లు కలిస్తే పాదం తిరగదు, మోకాలే తిరుగుతుంది. పలుచని, సమతలమైన అడుగున్న గుడ్డ బూట్లు చాలు.

అడుగు వేసేటప్పుడు తూలడం

చూపు నేల మీద ఉందా అన్నది మొదట గమనించాలి. తల వంగితే మొండెం బరువంతా ముందుకు వస్తుంది, అప్పుడు ఎంత బలమైన కాలైనా తడబడుతుంది. యాంగ్ శైలి గురువు యాంగ్ చెంగ్‌ఫు (1883–1936) చెప్పగా శిష్యుడు చెన్ వెయ్‌మింగ్ నమోదు చేసిన పది ముఖ్యాంశాలలో మొదటిది తల పైభాగాన్ని తేలికగా, బిగువు లేకుండా పైకి నిలపడమే. దాన్ని అందం కోసం చెప్పలేదు.

చూపు సరిగా ఉన్నా తూలుతుంటే పాదాల మధ్య వెడల్పును చూడాలి. యోగాభ్యాసం నుంచి వచ్చినవారిలో ఇది మరీ ఎక్కువ. వీరభద్రాసనంలో ముందు మడమ, వెనక పాదం ఒకే గీత మీద ఉండడం వారికి అలవాటు కనుక విల్లు భంగిమలోనూ పాదాలను అలాగే ఒకే గీత మీద పెడతారు. ఇక్కడ రెండు పాదాలూ రైలు పట్టాల మీద ఉన్నట్టు వేర్వేరు గీతల మీద, సుమారు భుజాల వెడల్పు ఎడంతో ఉండాలి, వెనక పాదం దాదాపు 45 డిగ్రీలు బయటికి తిరిగి ఉండాలి. ఈ ఒక్క సవరణతో సగం మంది తూలు ఆ రోజే తగ్గుతుంది.

మిగిలిన సగం మందిలో కారణం అడుగులోకి పడిపోవడం. మనం వీధిలో నడిచేటప్పుడు బరువును ముందుకు విసిరి, కాలితో అందుకుంటాం. తైచీలో కాలు ఖాళీగా వెళ్లాలి, మడమ నేలను తాకాలి, అది నచ్చకపోతే కాలిని వెనక్కి తీసుకోగలగాలి, ఆ తరువాతే బరువు కదలాలి. పరీక్ష కూడా అదే: మడమ ఆనిన క్షణంలో ఆగి, మొండెం కదలకుండా ఆ కాలిని మళ్లీ పైకి ఎత్తగలరా? ఎత్తలేకపోతే అడుగు పొడవు తగ్గించి, నిలబడిన కాలి గజ్జలోకి మరికొంత కూర్చోవాలి.

భుజాలు పైకి లేవడం, సాధన తరువాత మెడ పట్టేయడం

భుజాలు దించండి, మోచేతులు వాలనివ్వండి అని గురువు ఎన్నిసార్లు చెప్పినా అవి మళ్లీ లేస్తాయి, ఎందుకంటే చేతులను చేతులే ఎత్తుతున్నాయి. మూలం పాదాలలో ఉండి, కాళ్ల గుండా బయలుదేరి, నడుము అదుపులో నడిచి, వేళ్ల దగ్గర వ్యక్తం కావాలన్నది ఈ విద్యలో అందరూ అంగీకరించే సూత్రం. నడుము తిరగడం ఆగిపోయిన చోట భుజం ఆ పనిని తలకెత్తుకుంటుంది. కనుక వరుస మొత్తాన్ని రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, కేవలం కాళ్లతో, నడుముతో చేసి చూడాలి. చేతులు లేకుండా ఎక్కడ కదలిక నిలిచిపోతుందో, చేతులతో చేసినప్పుడు భుజం సరిగ్గా అక్కడే లేస్తుంది. ఆ చోట నడుము తిరుగుడును నింపాక భుజం దానంతట అదే దిగుతుంది. చంకలో ఒక పిడికిలి పట్టేంత ఖాళీ మాత్రం ఎప్పుడూ ఉంచాలి. బిగువు వదలడమంటే చేతులు మొండేనికి అతుక్కుని వేలాడడం కాదు.

నడుము కింది భాగంలో నొప్పి

రెండు విరుద్ధమైన తప్పుల వల్ల ఒకే నొప్పి వస్తుంది. కొందరు పిరుదులను వెనక్కి తోసి వెన్నును వంచుతారు. మరికొందరు తోక ఎముకను లోపలికి లాగాలన్న మాట విని కటిని బలవంతంగా ముందుకు తిప్పి బిగిస్తారు. రెండోది మొదటిదానికంటే హానికరం, ఎందుకంటే దాన్ని చేస్తున్నవారికి తాము సరిగా చేస్తున్నామన్న నమ్మకం ఉంటుంది. గోడకు వీపు ఆనించి, మడమలను గోడకు కొద్ది దూరంలో పెట్టి, మోకాళ్లు కొంచెం మడిచి, నడుము వెనక ఖాళీ దానంతట అది తగ్గే దాకా మెల్లగా కిందికి జారాలి. గోడకు నడుమును నొక్కడానికి పొట్ట బిగించాల్సి వస్తే అది మితిమీరినట్టు లెక్క. ఎత్తైన స్టూలు అంచున కూర్చోబోతున్నప్పుడు కటి ఎలా ఉంటుందో భంగిమలో కూడా అలాగే ఉంటే చాలు.

ఆయాసం, తల తిరగడం

రక్తపోటు మందులు వాడేవారు, ఏమీ తినకుండా తెల్లవారుజామున చేసేవారు ముందుగా వైద్యుడితో మాట్లాడాలి. ఆ కారణాలు లేనప్పుడు దాదాపు ఎప్పుడూ ఊపిరి బిగబట్టడమే కారణం. ప్రాణాయామం చేసేవారు అంకెలు లెక్కపెట్టి పీల్చే, నిలిపే, వదిలే అలవాటును ఇక్కడికి తెచ్చి, ఒక్కో కదలికకు ఒక్కో శ్వాసను కట్టేస్తారు. కదలికల నిడివి ఒకేలా ఉండదు కనుక ఊపిరి చాలదు. వరుస ఒంటబట్టేదాకా శ్వాసను దాని మానాన వదిలేయాలి. తరువాత చేతులు చాచినప్పుడు వదలడం, దగ్గరికి తీసినప్పుడు పీల్చడం చాలావరకు తనంతట తానే కుదురుతుంది.

కదలికలు గుర్తుండకపోవడం

వీడియో చూసి నేర్చుకునేవారికి ఎడమ కుడి తారుమారు కావడమే సగం చిక్కు. గురువు వీపు కనిపించే వీడియోను ఎంచుకోవాలి. ఒక రోజుకు ఒకటి రెండు కదలికలకు మించి కలపకూడదు, మరచిపోయిన చోటును ఒంటరిగా కాక దానికి ముందు కదలికతో జోడించి చేయాలి.

ఏళ్లు గడిచినా ఎదుగుదల కనిపించకపోవడం

వరుస తప్పులేకుండా వస్తుంది, నొప్పులు లేవు, అయినా ఏదో నిలిచిపోయినట్టు ఉంటుంది. వాంగ్ జోంగ్‌యుయే అనే పాత గురువు రాసినదని చెప్పే తైచీ వ్యాసం సరిగ్గా ఈ స్థితినే ప్రస్తావించి, ఏళ్ల తరబడి సాధన చేసినా ఎదుటివారి బలాన్ని మళ్లించలేనివారిలో ఉన్న దోషం బరువు రెండు వైపులా చిక్కుకుపోవడమేనని చెబుతుంది. దీన్ని రెండు కాళ్ల మీద సమానంగా నిలబడకూడదని మాత్రమే అర్థం చేసుకుంటే విషయం సగమే అందుతుంది. ఏ క్షణంలోనైనా ఏ కాలు నిండుగా ఉందో, ఏది ఖాళీగా ఉందో తెలియకపోవడం, బలానికి ఎదురుగా బలాన్నే పెట్టడం కూడా ఆ దోషమే.

దీన్ని ఒంటరిగా కనిపెట్టడం కష్టం, అందుకే తుయ్‌షౌ అనే జంట అభ్యాసం ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మణికట్లు ఆనించి, మెల్లగా తోస్తూ, స్వీకరిస్తూ ఉంటారు. అక్కడ తప్పులు రెండు దిక్కుల్లో కనిపిస్తాయి: తోపుకు ఎదురు తోయడం, లేదా తాకిడి వదిలి వెనక్కి పారిపోవడం. మొదటిదానికి మందు గజ్జలో బిగువు వదలడం, రెండోదానికి ముంజేతిలో తేలికైన నిండుదనాన్ని నిలబెట్టుకోవడం. గెలవాలని చేసే తుయ్‌షౌ వల్ల మాత్రం ఏమీ సరికాదు. బలవంతుడు తన తప్పులను బలంతో కప్పుకుంటాడు. జత దొరకనివారు వరుసను మామూలు కంటే రెండింతలు నెమ్మదిగా చేసి చూడాలి. మామూలుగా ఐదారు నిమిషాల్లో ముగిసే 24 కదలికలను పది నిమిషాలకు సాగదీస్తే బరువు ఎక్కడ అస్పష్టంగా ఉందో తొడలు చెబుతాయి.

వయసుతో పాటు పాత భంగిమలు సాధ్యపడకపోవడం

ఇది నష్టమని భావించి కొందరు కుంగిపోతారు. లోతైన భంగిమ యువకుల కాళ్లకు వ్యాయామమే కానీ సాధన స్థాయికి కొలత కాదు. షింగ్‌యీ, బాగ్వా అనే చైనా యుద్ధవిద్యలలో అప్పటికే పేరుపొందిన సున్ లుతాంగ్ యాభై దాటిన వయసులో హావో వెయ్‌జెన్ దగ్గర తైచీ నేర్చుకుని, ఎత్తుగా నిలబడే, ముందు అడుగును వెనక పాదం వెంటనే అనుసరించే శైలిని రూపొందించాడు. ఆ పద్ధతిలో బరువు ఒకే కాలి మీద ఎక్కువసేపు నిలవదు కనుక కీళ్లనొప్పులు ఉన్నవారికి అది అనుకూలం. యాంగ్ శైలి వారు కూడా అడుగును కుదించి, భంగిమను ఎత్తి, తిరుగుళ్లను యథాతథంగా ఉంచుకోవచ్చు. వదలకూడనివి తిరుగుడు, బరువు మార్పు, నిటారు తల.

ఈ వయసులో సాధన ఎందుకని అడిగేవారికి ఒక గట్టి ఆధారం ఉంది. అమెరికాలో పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 195 మంది మీద జరిగి, 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తైచీ చేసినవారికి నిలకడ మెరుగుపడింది, కేవలం ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారి కంటే వారు తక్కువసార్లు పడిపోయారు. తైచీ ఆ వ్యాధిని నయం చేస్తుందని దీని అర్థం కాదు.

జబ్బు చేసి లేదా శస్త్రచికిత్స జరిగి సాధన ఆగిపోయినవారు తిరిగి మొదలుపెట్టేటప్పుడు వరుసతో మొదలుపెట్టకూడదు. వైద్యుడి అనుమతి తరువాత మొదటి వారం కుర్చీలో కూర్చుని గజ్జ మడత, చేతుల కదలికలు. రెండో వారం కుర్చీ వీపును పట్టుకుని ఎడమ కుడి కాళ్ల మధ్య బరువు మార్చడం. ఆ తరువాత పాదాలు భుజాల వెడల్పున ఉంచి కదలకుండా నిలబడే అభ్యాసం, మొదట రెండు నిమిషాలు, అలసట లేకపోతే ఐదు నిమిషాలు. అది చేసిన మర్నాడు మోకాళ్లు మామూలుగా ఉంటేనే మొదటి మూడు కదలికలు కలపాలి.