హెచ్ఎల్ఏ రిపోర్ట్ వచ్చిందా? బోన్ మ్యారో మార్పిడికి ముందు దాన్ని ఇలా చదవండి

పిల్లాడికి తలసీమియా (రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య జబ్బు), డాక్టరు బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేద్దామన్నారు, ఇక చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "మ్యాచ్ అయిందా?" అయిందనో కాలేదనో ఒక్క ముక్కలో తేలే విషయం కాదిది.

ముందు బ్లడ్ గ్రూప్ గొడవ వదిలేయండి. అన్నది ఓ పాజిటివ్, చెల్లిది బీ పాజిటివ్ అయినా మార్పిడి చేస్తారు, తర్వాత మెల్లగా పేషెంట్ గ్రూప్ డోనర్ గ్రూప్‌లోకి మారిపోతుంది. చూడాల్సింది ఆరో క్రోమోజోమ్ మీద గుంపుగా ఉండే హెచ్ఎల్ఏ జన్యువుల్ని, ఒంట్లో కణాలు మనవో పరాయివో రోగనిరోధక వ్యవస్థ పోల్చుకునేది వీటివల్లే. అవి కలవకపోతే డోనర్ రోగనిరోధక కణాలు పేషెంట్ చర్మం, పేగులు, కాలేయం మీద దాడి చేసే ప్రమాదం పెరుగుతుంది, దాన్నే జీవీహెచ్‌డీ అంటారు.

రిపోర్ట్‌లో ఏ, బీ, సీ, డీఆర్‌బీ1, డీక్యూబీ1 అని ఐదు పేర్లుంటాయి. ఒక్కోదానికి అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, మొత్తం పది, 10/10 అంటే ఇదే. ఏ*24:02 లాంటి చోట కోలన్ తర్వాతి అంకెలు ముఖ్యం. 24 అని మాత్రమే ఉంటే అది పైపై టెస్ట్, హై రిజల్యూషన్ రిపోర్ట్ అడగండి. అమ్మానాన్నల శాంపిల్ కూడా ఇవ్వండి, ఎవరి నుంచి ఏ సెట్ వచ్చిందో అప్పుడే ఖాయంగా తెలుస్తుంది.

సొంత తోబుట్టువు పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం 25 శాతం, సగం మ్యాచ్ 50 శాతం. ఇద్దరు తోబుట్టువులుంటే కనీసం ఒకరు పూర్తిగా కలిసే అవకాశం దాదాపు 44 శాతమే, కాబట్టి కాలేదని ఎవరినీ తప్పుపట్టకండి. మనవైపు ఇంకో సంగతి ఉంది. మేనరికం చేసుకున్న ఇళ్లలో అమ్మానాన్నలిద్దరికీ ఒకే సెట్ ఉండే అవకాశం ఎక్కువ, అలాంటప్పుడు తల్లో తండ్రో కూడా పూర్తి మ్యాచ్ కావచ్చు, అందుకే మీది మేనరికమని డాక్టరుకు ముందే చెప్పండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

బయటి డోనర్ 10/10 వచ్చినా అది తోబుట్టువు 10/10తో సమానం కాదు, ఎందుకంటే డీపీబీ1 లాంటి, ఈ పదిలో లెక్కలోకి రాని హెచ్ఎల్ఏ జన్యువులు, హెచ్ఎల్ఏ కాని చిన్న చిన్న తేడాలు చాలా మిగిలే ఉంటాయి. డోనర్ ఇదివరకెప్పుడైనా గర్భం దాల్చిన స్త్రీ, పేషెంట్ మగ అయితే జీవీహెచ్‌డీ ప్రమాదం కొంత పెరుగుతుంది. అలాగని అక్కను వద్దనకండి, సమానంగా కలిసినవాళ్లు ఇద్దరుంటేనే ఈ లెక్క.

లుకేమియాలో, అంటే రక్త క్యాన్సర్‌లో కథ వేరు. అక్కడ డోనర్ కణాలు మిగిలిపోయిన క్యాన్సర్ కణాల్నీ చంపాలి, అందుకే అచ్చంగా ఒకే జన్యువులున్న కవల నుంచి ఎక్కిస్తే జీవీహెచ్‌డీ అరుదే గానీ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తలసీమియాలో అలాంటి లాభమేమీ లేదు, ఎంత కలిస్తే అంత మంచిది.

డోనర్ జన్యువుల్లో జబ్బు దాగుందేమో కూడా అడగండి. తలసీమియా మైనర్ ఉన్న, అంటే లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి జబ్బు పెద్దగా బయటపడని చెల్లి మామూలుగా డోనర్‌గా పనికొస్తుంది. ఫ్యాన్‌కోనీ ఎనీమియా (బోన్ మ్యారో పనిచేయకుండా పోయే వంశపారంపర్య జబ్బు) అయితే మాత్రం పైకి ఆరోగ్యంగా కనిపించే తమ్ముడికీ అదే జబ్బు ఉండొచ్చు, టెస్ట్ చేయకుండా ఒప్పుకోవద్దు.

సగం మ్యాచ్‌తోనే, అంటే హాప్లోతో వెళ్లాల్సి వస్తే డీఎస్ఏ టెస్ట్ (డోనర్‌కి వ్యతిరేకంగా పేషెంట్ రక్తంలో యాంటీబాడీలున్నాయేమో చూసేది) అయిందా అని అడగండి. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న పిల్లల్లో డోనర్ హెచ్ఎల్ఏకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండొచ్చు, అవి ఎక్కువుంటే కొత్త కణాలు నిలబడకపోవచ్చు. ఈ కారణంగానే మార్పిడికి ముందు అన్నదమ్ముల రక్తమో అమ్మానాన్నల రక్తమో ఎక్కించనివ్వకండి, ప్రేమతో ఇస్తామన్నా సరే.

మందుల దగ్గరా జన్యువుల పాత్ర ఉంది. సీవైపీ3ఏ5 అనే జన్యువు చురుగ్గా ఉన్నవాళ్లలో టాక్రోలిమస్ (జీవీహెచ్‌డీ రాకుండా ఇచ్చే మందు) త్వరగా కరిగిపోతుంది, డోసు ఎక్కువ కావాలి. పక్క బెడ్ పిల్లాడి కంటే మనవాడికి ఎక్కువ ఇస్తున్నారని టెన్షన్ పడకండి, రక్తంలో లెవెల్ చూసే డాక్టర్లు డోసు మారుస్తారు. లెవెల్ టెస్ట్ ఉన్న రోజు పొద్దున శాంపిల్ ఇచ్చేదాకా ఆ మాత్ర వేయకుండా ఉంచండి, ఇచ్చాక వెంటనే వేసేయండి.