గుండె చప్పుడు విందాం – 4వ పాఠం: మర్మర్ ఏ వేళలో వస్తోంది?

పోయిన పాఠంలో లబ్, డబ్‌లను విడదీసి వినడం నేర్చుకున్నాం. అది ఇంకా చెవికి పట్టకపోతే ఇంట్లోవాళ్ల మీద మరో నాలుగు రోజులు సాధన చేసి, అప్పుడు ఇక్కడికి రండి.

లబ్ అంటే గుండె పై గదులకీ కింది గదులకీ మధ్య ఉండే మైట్రల్, ట్రైకస్పిడ్ కవాటాలు మూసుకున్న చప్పుడు. డబ్ గుండె నుంచి రక్తం బయటికి పోయే దారుల్లోని అయోర్టిక్, పల్మనరీ కవాటాలది. వీటి నడుమ నిశ్శబ్దంగా ఉండాల్సిన చోట 'ఉష్‌ష్'మని వినిపిస్తే అదే మర్మర్. కాలువలో నిదానంగా పారే నీటికి చప్పుడుండదు, ఇరుకు తూములో దూరేటప్పుడు హోరు పెడుతుంది. రక్తమూ అంతే. కవాటం సరిగా తెరుచుకోకపోయినా, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారినా, గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉన్నా సుడులు తిరుగుతుంది. జ్వరం, రక్తహీనత, గర్భం ఉన్నప్పుడు కవాటాలు బాగానే ఉన్నా రక్తం జోరు పెరిగి మర్మర్ రావచ్చు.

ఇప్పుడు అసలు పని. స్టెతస్కోప్ ఛాతీ మీద ఉంచి, రెండో చేతి వేళ్లతో మెడకు ఒక పక్కన నాడిని మెత్తగా పట్టుకోండి. మణికట్టు నాడి వద్దు, అది ఆలస్యంగా అందుతుంది. నాడి తగిలే వేళకు వినిపించేది లబ్. లబ్‌కీ డబ్‌కీ మధ్య మర్మర్ ఉంటే సిస్టోలిక్, డబ్ తర్వాత ఉంటే డయాస్టోలిక్.

పిల్లల్లో మెత్తని సిస్టోలిక్ మర్మర్ చాలాసార్లు హాని లేనిదే. పడుకుంటే పెరిగి, కూర్చుంటే తగ్గుతుంది. డయాస్టోలిక్‌ను మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి, ఎకో (గుండె స్కాన్) చేయించాల్సిందే.

హోరు పెద్దదైతే జబ్బు పెద్దదని టెన్షన్ పడతారు. మర్మర్ తీవ్రతకు 1 నుంచి 6 వరకు గ్రేడులున్నాయి, 4 నుంచి అరచేతికి అదురు కూడా తెలుస్తుంది. కానీ జఠరికల (గుండె కింది గదుల) మధ్య చిన్న రంధ్రమే పెద్ద రంధ్రం కన్నా గట్టిగా మోగవచ్చు.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మెల్లగా వినిపించేదే. చిన్నప్పుడు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతునొప్పి, తర్వాత కీళ్లవాపుతో రుమాటిక్ జ్వరం, ఏళ్లు గడిచాక ఇరుకైన మైట్రల్ కవాటం. ఆ డయాస్టోలిక్ మర్మర్ దూరపు ఉరుములా ఉంటుంది. మనిషిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎడమ రొమ్ము కింద గుండె కొన తగిలే చోట స్టెతస్కోప్ బెల్ వైపును (చిన్న గిన్నెలా ఉండే వైపును) తేలిగ్గా ఆనించండి. గట్టిగా అదిమితే వినపడదు. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు 3, 4 వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ తప్పకూడదని పెద్దవాళ్లకు తప్పక చెప్పండి.

వచ్చే పాఠం లోపు పదిమందిని వినండి. లబ్, డబ్, మధ్యలో ఏమైనా ఉంటే అది ఏ వేళలో అన్నది మాత్రమే రాసుకోండి. అనుమానం వస్తే జబ్బు పేరు మీరు చెప్పకుండా డాక్టరు దగ్గరికి పంపండి. మర్మర్ ఎక్కడ గట్టిగా వినిపిస్తుందో, మెడకు పాకుతుందో, చంకకు పాకుతుందో 5వ పాఠంలో చూద్దాం.