ఊహాలోకంలో వర్తక పట్టణం కట్టడం ఎలా? గోదారి డెల్టాలో ఒక కూడలి ఊరు

ఫాంటసీ కథ రాసేవాళ్లు చాలామంది వర్తక పట్టణాన్ని కోటగోడతో మొదలుపెడతారు. గోదావరి డెల్టాలో కథ నడపాలంటే గోడను పక్కన పెట్టండి. సరుకు ఎక్కడ ఆగక తప్పదో ముందు అది తేల్చుకోండి.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. ఆ కింద వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఎటు బయల్దేరినా ఏదో ఒక పాయ అడ్డమొస్తుంది. వంతెన లేని రోజుల్లో అక్కడ బండి ఆపాలి, మూటలు దించాలి, ఏరు దాటించే పంటు వచ్చేదాకా కాచుకోవాలి. కాచుకునేవాళ్లకు అన్నం వండేవాళ్లు, ఎడ్లకు గడ్డి అమ్మేవాళ్లు, రాత్రికి అరుగు ఇచ్చేవాళ్లు చేరితే ఊరు మొదలైనట్టే. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువల్లో పడవ ప్రయాణాలూ సాగాయి. కాలువ నీటి మట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపులే లాకులు, అక్కడ ప్రతి పడవా ఆగాల్సిందే. కాబట్టి కాగితం మీద ఒక పాయ, ఒక కాలువ, ఒక బాట గీసి, మూడూ కలిసే చోట చుక్క పెట్టండి. మన ఊరికి నీడలపేట అని పేరు పెడదాం.

తర్వాత, ఎవరు ఏం తెస్తారో రాసుకోండి. ఏజెన్సీ, అంటే ఎగువ కొండ అడవుల నుంచి చింతపండు, వెదురు. డెల్టా నుంచి వడ్లు, కొబ్బరి. సముద్రం వైపు నుంచి ఉప్పు, ఎండుచేపలు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉండాలి. అంతకు మించి ఇక్కడ ఆలోచించక్కర్లేదు.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. మాయ సరుకు ఒక్కటే పెట్టండి, కానీ దాన్ని చివరిదాకా ఆలోచించండి. నీడలపేటలో చెట్ల నీడను చాపలా చుట్టి అమ్ముతారనుకుందాం. డెల్టాలో తోటలకు కొదవ లేదు. ఎండకు మాడే మెట్ట ఊళ్లవాళ్లు దాన్ని కొని, కళ్లంలో పరుచుకుంటారు. ఇక ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. నీడను దేంతో కొలుస్తారు? బారలతో అనుకోండి. మరి పొద్దున కొలిస్తే నీడ పొడవు, మధ్యాహ్నం కొలిస్తే పొట్టి. అంటే మిట్టమధ్యాహ్నం తప్ప కొలవకూడదని ఊళ్లో కట్టుబాటు ఉండాలి. మబ్బు పట్టిన రోజు బేరాలు ఆగిపోతాయి, రేవులో బళ్లు పేరుకుపోతాయి. కొబ్బరి నీడకు చిల్లులెక్కువ కాబట్టి ధర తక్కువ, మర్రి నీడకు ఎక్కువ. మోసం చేసే దళారి కొబ్బరి నీడను రెండు మడతలు వేసి మర్రి నీడని అంటగడతాడు.

ఇంకాస్త లోపలికి వెళ్లండి. నీడ అమ్మేసిన తోటలో పశువు ఎక్కడ పడుకుంటుంది? తోట కౌలుకిస్తే నీడ ఎవరిది, భూస్వామిదా, కౌలురైతుదా? డెల్టాలో కౌలు తగాదా తెలిసిన పాఠకుడికి ఈ ఒక్క ప్రశ్న చాలు, మీ ఊరిని నమ్మేస్తాడు. నాకైతే రాక్షసుడి కన్నా ఈ తగాదాయే గొప్ప కథ.

పన్నుల సంగతి మరవకండి. సంతలో ఆశీలు ఎవరు వసూలు చేస్తారు, ఎంత, ఎవరికి మాఫీ? మన చరిత్రలోనే మంచి నమూనా ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవారు. ఇకపై నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోమని ఆ శాసనం వర్తకులకు మాటిచ్చింది. మీ ఊరి రేవులోనూ అలాంటి రాయి ఒకటి నిలబెట్టండి. దాన్ని తప్పాలని చూసే అధికారినీ ఒకణ్ణి పెట్టండి.

పక్కనే వేరే దొరతనం ఉంటే కథ ఇంకా చిక్కబడుతుంది. డెల్టా మధ్యలో ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతుల్లో ఉంది. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చాక, అలాంటి పెళ్లిళ్లు చేయదలచినవాళ్లు అక్కడికి వెళ్లి చేసుకొచ్చేవారు. గట్టు దాటితే చట్టం మారిపోయే చోట జనం ఏం చేస్తారో ఇది చెబుతుంది. నీడలపేట అవతలి ఒడ్డున పొద్దుటి కొలతే చెల్లుతుందని పెట్టి చూడండి.

ఊరికి భయం కూడా కావాలి. 1839 తుపానుకు కోరంగి రేవు నాశనమైంది. ఓడలతో కళకళలాడిన చోటు అది. అందుకే మీ ఊళ్లో గోదాములు ఎత్తు మీద కట్టండి, ఏటిగట్టు మీద రాత్రి కాపలా పెట్టండి. వరదలో నీడ చుట్టలు తడిస్తే ఏమవుతుందో మీరే నిర్ణయించుకోవాలి.

ఇక మొదటి సన్నివేశం రాయండి. మిట్టమధ్యాహ్నం, కొలత వేసే చోటు. ఏజెన్సీ నుంచి చింతపండు తెచ్చిన ఆమె మర్రి నీడ అడుగుతోంది. దళారి చుట్ట విప్పడానికి ఒప్పుకోవడం లేదు. ఊరి చట్టాలు, ధరలు, అవతలి ఒడ్డు సంగతి వాళ్ల మాటల్లోనే రానివ్వండి, విడిగా వివరించొద్దు.