దొంగ సీసాలోనూ మూడు బాణాలకే విషం

మీరు ఆడించే ఆటలో విషం ప్రవేశపెట్టబోతున్నారా? ముందు ధర చూడండి. పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల ప్రకారం ఆటగాడు 100 బంగారు నాణేలు పోసి కొనే మామూలు విషానికి నాలుగు ముఖాల పాచిక ఒక్కటే. తగిలినవాడి ప్రాణబలానికి నష్టం సగటున రెండున్నర. పెద్ద సాలీడు కుడితే ఎనిమిది ముఖాల పాచికలు రెండు, సగటున తొమ్మిది. పలాసలో మా మేడ మీద ఆడే మా మేనల్లుడు అడిగేశాడు: "మావయ్యా, ఆ సాలీడు ఏ కొట్లో కొంటోంది?"

సాలీడుది పుట్టుకతో వచ్చిన విషం, దాన్ని వదిలేయండి. సరిచేయాల్సింది మనుషులైన శత్రువుల లెక్క. ఒక సీసా మూడు బాణాలకే వస్తుంది, పూసిన నిమిషానికి ఆరిపోతుంది, పూయడానికి ఆ వంతులో చేయగల ముఖ్యమైన పని ఖర్చవుతుంది. దొంగలకూ ఇదే వర్తించాలి. వాళ్ల సీసాలకు కాగితం మీద గళ్లు గీసి, వాడినకొద్దీ కొట్టేస్తాను. నాలుగో బాణం ఉత్త బాణమే. మిగిలిన సీసా గెలిచినవాళ్లది. అది పోరులో పగిలిపోయిందని బొంకడం నాకు నచ్చదు.

విషంతో వచ్చే చావు దగ్గర మాత్రం ఒకే నియమం పెట్టినంత మాత్రాన న్యాయం జరగదు. దొంగ ఆ ఒక్క పోరాటానికే పుడతాడు, ఆటగాడి పాత్ర విషాన్ని తట్టుకోవడానికి వారం వారం పాచిక వేస్తూనే ఉండాలి. ఏదో ఒక వారం తప్పక తప్పుతుంది. అందుకే మూడు మెట్లు పెట్టాను, రౌండుకు, అంటే అందరికీ ఒక్కో వంతు తిరిగేసరికి, ఒకటి. మొదట తప్పితే దాడికి రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవాలి. మళ్లీ తప్పితే నడక సగం. మూడోసారి నేలకూలడమే. ఒక్కసారి గట్టెక్కితే విషం దిగినట్టే. ఇరవై ముఖాల పాచికతో చేరాల్సిన అంకె 11, దానికి కలిపే దేహదారుఢ్యం +2 అయితే ఒకసారి తప్పే అవకాశం నూటికి 40, వరుసగా మూడుసార్లు తప్పేది 6.4. ఈలోగా తోటివాళ్లు 50 నాణేల విరుగుడు తాగించవచ్చు. శత్రువులకూ ఇవే మెట్లు.

అస్థిపంజరాలకు విషం ఎక్కదు. విషాన్నే నమ్ముకున్న ఆటగాడు ఉంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి.

సొంత విషం కావాలంటే చుట్టూ చూడండి. నేను జీడిపెంకు నూనె వాడతాను. అది తగిలితే చర్మం పొక్కుతుందని మా ఊళ్లో జీడిపిక్కలు కొట్టేవారందరికీ తెలుసు. ఆటలో చేతికి తొడుగు లేకుండా దాన్ని పూస్తే, పూసినవాడే ముందు పాచిక వేయాలి. కాబట్టి సంతలో ఎదురైన బాటసారి అరచేతులు పొక్కి ఉంటే, ఆటగాళ్లు విరుగుడు కొనుక్కోవడానికి ఇంకా వ్యవధి ఉన్నట్టే.